ముక్క కోయకుండానే రంగు తెలుస్తుంది: పాత కలంకారీ తెరలున్న పెద్దలకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ఆలయాల ఈవోలకు, ధర్మకర్తలకు, మఠాల పెద్దలకు, మ్యూజియం అధికారులకు, తాతల నాటి కలంకారీ తెరలను ట్రంకు పెట్టెల్లో దాచుకున్న కుటుంబాలకు నమస్కారం.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. నా మెట్టినిల్లు శ్రీకాళహస్తి. మా మామగారు కలం పట్టిన మనిషి. మా అత్తమ్మ కలం పట్టలేదు గానీ కరక్కాయ దంచడం, రంగు కాయడం, స్వర్ణముఖిలో బట్ట జాడించి ఇసుక మీద ఆరేయడం అన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగేవి. నేను క్లాసులో బోర్డు మీద రాసిందీ, ఆమె పొయ్యి దగ్గర చేసిందీ ఒకటేనని పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ నాకు తెలిసిరాలేదు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం రెండు వేళ్ల వెడల్పున్న ఒక పేలిక.

మా బంధువుల ఊళ్లో రామాలయం ఉంది. అక్కడ శ్రీరామనవమికి గోడకు కట్టే రామాయణం తెర ఒకటి ఉండేది. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ నుంచి ఇద్దరు వచ్చారు. రంగులు చెట్లవో, బజారులో కొన్నవో పరీక్ష చేయించి చెబుతామన్నారు. అంచులో ఎరుపు, నలుపు, నీలం, పసుపు నాలుగూ ఒకచోట కలిసిన భాగం చూసుకుని, రెండు వేళ్ల వెడల్పున జానెడు పొడవు కత్తిరించుకుని కవర్లో పెట్టుకుపోయారు. కాగితం మీద ఏమీ రాసివ్వలేదు. రిపోర్టు రాలేదు. పూజారిగారు ఫోన్ చేసి చేసి ఊరుకున్నారు. ఆ సంగతి చెప్పినప్పుడు మా అత్తమ్మ మొహం నాకింకా గుర్తుంది. "అడిగుంటే చూసి చెప్తా ఉంటి గదమ్మా, కొయ్యాల్సిన పనేముండాది" అంది.

ఆమె అన్నది సగం నిజం. కంటితో చూసి అన్నీ చెప్పలేం. కానీ కోయాల్సిన పని లేదన్నది మాత్రం పూర్తి నిజం. కనీసం మొదటే కోయాల్సిన పని లేదు. మీ అందరికీ నేను చెప్పదలుచుకున్నది అదే.

కత్తెర ఒక్కటే కాదు. మన దగ్గర జనం చేసే పరీక్షలు ఇంకా ఉన్నాయి. తడిగుడ్డతో రుద్ది రంగు అంటుతుందేమో చూస్తారు. పోగు లాగి కాల్చి చూస్తారు. నిమ్మరసం చుక్క వేస్తారు. దయచేసి నిమ్మరసం మాత్రం వద్దు. శ్రీకాళహస్తి నలుపు అంటే ఇనుమూ కరక్కాయా కలిసిన నలుపు. పులుపు తగిలితే ఆ ఇనుము కరిగిపోయి, గీత ఉన్నచోట వెలిసిన మచ్చ మిగులుతుంది. సబ్బు, సోడా వేసి చూడటం కూడా అంతే. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారడం మనింట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పసుపు వాడిన బట్టకు సోడా తగిలినా జరిగేది అదే. ఈ పరీక్షల వల్ల రంగు పేరు తెలిసినా తెలియకపోయినా, ఆ చోట రంగు మాత్రం పోతుంది.

ఈ రంగులు ఎలా పుడతాయో ఒకసారి చెప్పాలి. అది తెలిస్తే కోయకుండా ఎలా కనిపెట్టవచ్చో దానంతటదే అర్థమవుతుంది.

ముందు నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలల్లో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, ఇనుము తగిలితే అది నల్లబడుతుంది. తర్వాత కసిం. ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లవి. కలాన్ని అందులో ముంచి బట్ట మీద గీస్తే, గీత మొదట టీ డికాషన్ లాగా పలచగా పడుతుంది. చూస్తుండగానే, మన కళ్ల ముందే, నల్లబడుతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అది చూస్తూ పొయ్యి మీద అన్నం మాడబెట్టాను. ఎరుపు ఇంకా చిత్రం. ఎరుపు రావాల్సిన చోట రాసేది ఎరుపు కాదు, పటిక నీళ్లు. ఆ నీళ్లకు రంగే ఉండదు. తర్వాత ఎర్ర రంగునిచ్చే చిరివేరుతోనో, మంజిష్ఠతోనో, సురుడు చెక్కతోనో బట్టను కాచితే, పటిక పట్టినచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మిగతాచోట జాడింపుల్లో, ఎండలో పోతుంది. పసుపు రంగుకు కరకపువ్వు, మామిడి చెక్క, దానిమ్మ తొక్క వాడతారు. నీలిమందుకు పటికతో పని లేదు, అది దాని దారిలో అది పోగులోకి వెళ్లి కూర్చుంటుంది. పచ్చ అని వేరే రంగు లేదు. పసుపు మీద నీలం, అంతే.

అంటే ప్రతి రంగు వెనకా ఒక లోహమో, ఒక మొక్కలోని పదార్థమో ఉంది. ప్రతి పదార్థమూ తన మీద పడిన వెలుగులో కొంత మింగి మిగతాది తిరిగి పంపుతుంది. ఎంత మింగిందో, ఏ రంగు వెలుగును మింగిందో కొలిస్తే అది ఏ పదార్థమో పోల్చుకోవచ్చు. దానికి బట్టను ముట్టుకోనక్కర్లేదు.

ఫైబర్ ఆప్టిక్ రిఫ్లెక్టెన్స్ స్పెక్ట్రోస్కోపీ అనే పద్ధతి చేసేది ఇదే. పేరు పెద్దదే గానీ పని చిన్నది. పెన్ను లావున్న గొట్టంలోంచి సన్నటి వెలుగు బట్ట మీద రెండు మూడు మిల్లీమీటర్ల చోట పడుతుంది. తిరిగి వచ్చిన వెలుగును పరికరం విడదీసి గీతగా గీస్తుంది. ఒక్కో చోటుకు కొన్ని సెకన్లు చాలు. వెలుగులోని ఒక్కో రంగుకు నానోమీటర్లలో ఒక్కో అంకె ఉంటుంది. నీలిమందు ఉంటే 660 నానోమీటర్ల దగ్గర గీత కిందికి దిగి, ఆ తర్వాత నిటారుగా పైకి లేస్తుంది. ఎరుపులో ఇంకా మంచి తేడా కనిపిస్తుంది. మంజిష్ఠ లాంటి మొక్కల వేళ్ల నుంచి వచ్చిన ఎరుపైతే దాదాపు 510, 540 దగ్గర రెండు చిన్న గుంటలు పడతాయి. లక్క, కొచినీల్ లాంటి పురుగుల ఎరుపైతే ఆ గుంటలు 525, 565 వైపు జరుగుతాయి. పటికా, వేరే లోహమా అన్నదాన్ని బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. అయినా వేరా, పురుగా అన్నంతవరకు చాలాసార్లు గట్టిగానే చెప్పవచ్చు.

రెండోది అల్ట్రావయొలెట్ టార్చి. గది చీకటి చేసి 365 నానోమీటర్ల టార్చి వేసి చూస్తే, మంజిష్ఠలో ఉండే పర్ప్యూరిన్ అనే రంగు పదార్థం నారింజ రంగులో వెలుగుతుంది. చిరివేరులో ముఖ్యంగా ఉండేది అలిజరిన్ అనే ఎరుపు పదార్థం, అది అంతగా వెలగదు. పసుపుకొమ్ము రంగైతే పచ్చటి పసుపులో మెరిసిపోతుంది. మా ఇంట్లో ఉన్న దశావతారాల తెర మీద ఇలా చూసినప్పుడు నాకు ఒకటి కనిపించింది. మామూలు వెలుగులో బట్టంతా ఒకే పాత గోధుమరంగు. టార్చి వేయగానే కూర్మావతారం కింద అరచేతి అంత చోటు తెల్లటి నీలంగా భగ్గుమంది. తిప్పి చూస్తే అది మాసిక. ఎవరో కొత్త గుడ్డను టీ నీళ్లలో ముంచి, కనబడకుండా అతికి కుట్టారు. ఈ కాలపు తెల్లబట్టల్లోనూ, వాషింగ్ పౌడర్లలోనూ ఉండే మెరుపు పదార్థం అలా వెలుగుతుంది. నలభై ఏళ్లుగా ఆ తెర మా ఇంట్లోనే ఉంది, మాలో ఒక్కరికీ ఆ మాసిక సంగతి తెలియదు. టార్చి వెలుగు కూడా రంగుకు మంచిది కాదు కాబట్టి నిమిషాల్లో ముగించాలి. ఫోటో తీసుకుని ఆపేయాలి.

మూడోది ఇన్‌ఫ్రారెడ్ ఫోటో. అందులో నీలిమందు దాదాపు మాయమవుతుంది. కసిం గీత పలచబడుతుంది. చింతబొగ్గుతో వేసిన మొదటి గీత జాడింపులన్నీ తట్టుకుని ఎక్కడైనా మిగిలి ఉంటే మాత్రం నల్లగానే కనిపిస్తుంది. ఆ మొదటి గీతలో చిత్రకారుడు చెయ్యి ఎటు వేసి ఎటు మార్చుకున్నాడో చూడగలగడం ఎంత భాగ్యం!

లోహాల కోసం ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ ఉంది. ఇనుము, తగరం, రాగి లాంటివి వెంటనే చెబుతుంది. పటికలోని అల్యూమినియం తేలిక లోహం, మామూలుగా గాలిలో పెట్టి కొలిస్తే దాని సంకేతం సరిగా అందదు. అందుకని పరికరంలో పటిక కనపడలేదని "ఇది పటిక ఎరుపు కాదు" అని ఎవరైనా రాసిస్తే నమ్మకండి.

ఇనుము సంగతి ఎందుకు ముఖ్యమంటే, పాత తెరను చంపేది చాలావరకు ఆ ఇనుమే. మీ దగ్గరున్న తెరను మెల్లగా వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. ఎరుపు ఉన్నచోట బట్ట గట్టిగానే ఉంటుంది. నల్ల గీత వెంబడి మాత్రం బ్లేడుతో కోసినట్టు విడిపోయి ఉంటుంది. రామాలయం తెరలో సీతమ్మకు ఒక కనుబొమ్మ లేదు, కనుబొమ్మ ఆకారంలోనే చిల్లు ఉంది. ఎలుకలు కొరికాయని ఊళ్లో అనుకునేవారు. ఎలుక అంత ఒద్దికగా కొరకదు. ఇనుము తేమను, గాలిని తోడు తెచ్చుకుని నూలును లోపల్నుంచి తినేస్తుంది. అలాంటి తెరను మడిచిన చోటే మళ్లీ మడిస్తే, నీళ్లలో ముంచితే, ఇస్త్రీ చేస్తే నల్ల గీతలన్నీ రాలిపోతాయి. కాబట్టి నలుపులో ఇనుముందని తేలితే ఆ తెరను మడవకుండా, పలచటి తెల్ల నూలుగుడ్డ వేసి, లావుపాటి గొట్టానికి చుట్టి పెట్టాలి. రంగు పేరు తెలుసుకోవడం పేపర్లు అచ్చేసుకోవడానికి మాత్రమే కాదు. బట్ట ఇంకెన్నాళ్లు ఉంటుందో, దాన్ని ఎలా ఉంచాలో దాన్నిబట్టే తేలుతుంది.

వెలుగు విషయమూ అంతే. పాత తెరల్లో ఆకులన్నీ నీలంగా ఉండటం చూసే ఉంటారు. అదేదో పాతకాలపు శైలి అని వివరించేవాళ్లు కూడా ఉన్నారు. కాదు. అవి పచ్చ ఆకులే. నీలం మొండిది, నిలిచింది. పసుపు సున్నితమైనది, వెలిసిపోయింది. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మ్యూజియంలలో బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుగు పడనివ్వరు. మామూలు ఆఫీసు గదిలో 300 నుంచి 500 ఉంటుంది. కిటికీ ఎదురుగా అద్దాల బీరువాలో పెట్టి "భద్రంగా ఉంచాం" అని అనుకుంటున్న పెద్దలు ఆ బీరువాను కనీసం పక్క గోడకు జరిపించండి.

వెలుగుతో చేసే పరీక్షలు అన్నీ చెప్పలేవు. పసుపు రంగుల దగ్గర ఈ పరికరం తడబడుతుంది. దానిమ్మ తొక్కా, మామిడి చెక్కా, కరకపువ్వా అంటే గీతలు ఒకదానికొకటి దగ్గరగానే వస్తాయి. ఇంకో చిక్కు పెద్దది. అలిజరిన్‌ను ఫ్యాక్టరీలో చేయడం 1869 నాటికే మొదలైంది. ఫ్యాక్టరీ నీలిమందు 1897లో బజారుకొచ్చింది. చిరివేరులోని అలిజరిన్, డబ్బాలోని అలిజరిన్ అణువుగా ఒకటే. నీలిమందూ అంతే. కాబట్టి 660 దగ్గర గీత దిగిందని "ఇది చెట్టు నీలిమందే" అని సర్టిఫికెట్ ఇవ్వడం తప్పు. మన ప్రాంతంలో కూడా డబ్బా అలిజరిన్ చాలాకాలం వాడారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చిరివేరు తవ్వే మనుషులు తగ్గారు, పని పడిపోయింది. 1950ల్లో చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టేదాకా ఈ విద్యే ఆరిపోయేలా ఉండింది.

ఆ తేడా తేల్చాలంటే పోగు కావాల్సిందే. వేరులో అలిజరిన్ ఒంటరిగా ఉండదు, దాని చుట్టాలు కొన్ని తోడుగా ఉంటాయి. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో అవి విడివిడిగా కనిపిస్తాయి. కానీ దానికి జానెడు పేలిక అక్కర్లేదు. కొన్ని మిల్లీమీటర్ల పోగు చాలు. అది కూడా ఇప్పటికే ఊడి వేలాడుతున్నదో, ట్రంకు పెట్టె అడుగున రాలి ఉన్నదో అయితే చాలు. అందుకే ఇంకో మాట చెబుతున్నాను. పెట్టె తుడిచేటప్పుడు అడుగున ఉన్న దారప్పోగులను కలరా ఉండలతో పాటు ఊడ్చి పారేయకండి. ఒక కాగితంలో మడిచి, ఏ తెర కింద దొరికాయో రాసి పెట్టండి. వాటిలోనే మనకు కావాల్సిన జవాబు ఉండవచ్చు.

ఇప్పుడు నేను అసలు అడగదలుచుకున్నది. పరికరం దానంతటదే పేరు చెప్పదు. తన దగ్గరున్న తెలిసిన నమూనాతో పోల్చి చెబుతుంది. ఇలాంటి నమూనాలు ఎక్కువగా విదేశీ మ్యూజియంలు తయారు చేసుకున్నవి, అక్కడి మొక్కలతో, అక్కడి ఉన్నితో, పట్టుతో. ఎనుము పాలు, కరక్కాయ పట్టించిన నూలు మీద సురుడు చెక్క ఎలా కనబడుతుందో అలాంటి పట్టికలో ఎందుకుంటుంది? అది మనమే తయారు చేసిపెట్టాలి. చేయగలిగిన చేతులు శ్రీకాళహస్తిలో ఇంకా ఉన్నాయి. పద్మశ్రీ జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారి లాంటి పెద్దలు నిలబెట్టిన విద్య అది. కానీ అన్ని రంగులూ పాత పద్ధతిలో కాచడం తెలిసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. మా అత్తమ్మ పోయి మూడేళ్లయింది. సురుడు చెక్కకు ఎన్ని నీళ్లు, ఎప్పుడు దించాలి అన్నది ఆమె ఎప్పుడూ కొలిచి చెప్పలేదు. వాసన చూసి దించేది. నేను కెమిస్ట్రీ చదివి కూడా రాసిపెట్టుకోలేదు. ఆ బాధ నాకు పోదు.

ఇది ఇంతకుముందు జరగని పనేమీ కాదు. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకంవాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో దశ పూర్తవగానే ఒక ముక్క తీసుకుని, పక్కన పద్ధతి రాసుకుని పారిస్‌కు పంపాడు. ఆ ముక్కలు ఈనాటికీ అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. గమనించండి, ఆయన పాత తెరను కోయలేదు, కొత్తగా చేయించుకున్నాడు. మూడు వందల ఏళ్ల కిందటి పరాయి మనిషికి తట్టిన ఆలోచన, ఆ పని పుట్టిన చోట ఉన్న మనకు తట్టకపోతే ఎట్లా?

కాబట్టి ఆలయాల, మ్యూజియంల పెద్దలు కలిసి శ్రీకాళహస్తి కళాకారులకు కూలి ఇచ్చి, గౌరవం ఇచ్చి, ఒక్కో రంగుకు ఒక్కో దశలో ముక్కలు చేయించండి. పాలల్లో ముంచింది, కసిం గీసింది, పటిక పెట్టింది, చిరివేరులో కాచింది, మంజిష్ఠలో కాచింది, డబ్బా అలిజరిన్‌లో కాచింది, అన్నీ కావాలి. ఒక సెట్టు చీకట్లో ఉంచాలి, ఒక సెట్టు ఎండలో పెట్టి వెలియనివ్వాలి, ఎందుకంటే పాత తెర రంగు వెలిసిన రంగుతోనే పోలుతుంది. వెలుగుతో కొలిచే పని తెలిసినవాళ్ల కోసం దూరం వెళ్లక్కర్లేదు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, మహిళా యూనివర్సిటీ ఉంది, 2015 నుంచి ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. పరికరాన్ని తెర దగ్గరికి తీసుకెళ్లవచ్చు, తెర ఊరు దాటాల్సిన పని లేదు. ఏ కొలతైనా అంచు మడత లోపలి వైపు మొదలుపెట్టమనండి. అక్కడ వెలుగు తగలక అసలు రంగు మిగిలి ఉంటుంది.

ఎవరైనా వచ్చి ముక్క కావాలని అడిగితే, వెలుగు పరీక్షలు ముందు చేశారా, వాటితో తేలని ప్రశ్న ఏమిటి, ఎన్ని మిల్లీమీటర్లు, రిపోర్టు ఎప్పుడిస్తారు, మిగిలింది తిరిగిస్తారా అని అడిగి రాయించుకోండి. రాసివ్వనివాళ్లకు పెట్టె తెరవకండి. చదువుకున్నవాళ్లు కదా అని మొహమాటపడకండి. నేనూ చదువుకున్నదాన్నే, నన్నూ అలాగే అడగండి.

చివరగా, ఆ రామాలయం తెర అంచు కోసుకుపోయిన వారికి. మీ పేరు నేను ఎక్కడా చెప్పను. ఆ పేలిక ఇంకా మీ ఫైల్లో ఎక్కడో కవర్లో ఉండే ఉంటుంది. ఇన్నేళ్లూ అది చీకట్లో ఉంది కాబట్టి, ఏటా ఉత్సవానికి గోడ మీద ఎండ చూస్తూ వచ్చిన తెర కంటే దాని మీదే పసుపు, పచ్చ ఎక్కువగా మిగిలి ఉంటాయి. ఆ తెర ఆకులు అసలు ఎంత పచ్చగా ఉండేవో ఇప్పుడు చెప్పగలిగింది అదొక్కటే. పోస్టులో వద్దు. మీరే పట్టుకొచ్చి పూజారిగారి చేతికివ్వండి.

ఇట్లు,
శ్రీకాళహస్తి కలంకారీ ఇంటి కోడలు,
తిరుపతి